టైల్స్ దింపిన బండి

ఆ పూట ప్లాను చాలా చిన్నది. పొద్దున్నే కాఫీ తాగి బయల్దేరడం, పదింటికల్లా డ్రైవింగ్ టెస్టు మైదానం చేరడం, డాక్టరమ్మ బండి నడిపి చూపించడం, లైసెన్సు పుచ్చుకుని రావడం. ఇందులో చెడిపోవడానికి ఏముంది? ఏమీ లేదు. అందుకే ఆవిడ మొగుడు తెల్లవారకముందే లేచి, చెడగొట్టడానికి కావలసినదంతా సిద్ధం చేసిపెట్టాడు.

డాక్టరమ్మ అని వీధిలో అందరూ పిలుస్తారు గానీ ఆవిడ డాక్టరు కాదు, ఫిజియోథెరపిస్టు. ఆ సంగతి చెప్పి చెప్పి విసిగిపోయి ఊరుకుంది. ఆసుపత్రి అడుగు అంతస్తులో కిటికీ లేని గదిలో కూర్చుని, విరిగి అతుక్కున్న కాళ్ళకీ చేతులకీ మళ్ళీ కదలడం నేర్పుతుంది. ఇప్పుడు ఆసుపత్రివాళ్ళు మంచం దిగలేని రోగుల ఇళ్ళకే మనిషిని పంపాలనుకున్నారు. ఆ పని ఆవిడకే ఇస్తామన్నారు, బండి నడపడం వస్తే. లైసెన్సు ఈ సాయంత్రంలోగా చూపించాలి. లేకపోతే ఆ పని పక్క గదిలో ఉన్నావిడకి వెళ్ళిపోతుంది. ఆసుపత్రి దాకా రాలేక వైద్యం మధ్యలో మానేసినవాళ్ళు డాక్టరమ్మకి ఒక్కొక్కరూ గుర్తున్నారు. వాళ్ళ కోసం ఆవిడకి ఈ పని కావాలి. ఎంతగా కావాలంటే, నిద్రలో కూడా క్లచ్చు తొక్కుతోంది. మంచానికి అటువైపు పడుకునే మొగుడి పిక్కలే అందుకు సాక్ష్యం.

పోయిన నెల ఒకసారి టెస్టుకి వెళ్ళి తప్పింది. గీత దగ్గర ఆపమంటే గీత దాటాక ఆపింది. ఆ అవమానంతో, జిమ్ము నడిపే తమ్ముడిని పక్కన కూర్చోబెట్టుకుని రోజూ సాధన చేసింది. బ్రేకు ముందుగానే, గట్టిగా తొక్కడం నేర్చుకుంది. బండి కదలాలంటే యాక్సిలరేటరు ఎంత బలంగా నొక్కాలో పాదానికి కంఠతా వచ్చేసింది. ఇక తిరుగులేదని తమ్ముడు కూడా అన్నాడు.

మొగుడిది టైల్స్ కంపెనీలో సేల్స్ ఉద్యోగం. ఇళ్ళు కట్టుకునేవాళ్ళ చుట్టూ తిరిగి, నేలమీద పరిచే పలకలు చూపించి ఆర్డర్లు తేవాలి. ఆ శాంపిల్ పెట్టెలు మోయడానికని ఒక పెద్ద ఎస్‌యూవీ కొన్నాడు. కొన్ననాడు బండిని వీధంతా చూడాలనుకున్నాడు. మర్నాడు పెట్రోలు ముల్లు చూసుకున్నాక తాను కూడా చూడకూడదనుకున్నాడు. ఏనుగుని కొనుక్కుని దానికి పిల్లి తిండి పెట్టాలన్నది ఆయన ఆశ. బండి బరువు పెరిగినకొద్దీ పెట్రోలు ఎక్కువ తాగుతుందని ఎక్కడో చదివాడు. అది నిజమే. కాకపోతే కొన్ని నిజాలు కొందరి చెవిన పడకుండా ఉంటేనే ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది.

అప్పట్నుంచి ఆయనకి కుదురు లేదు. కాళ్ళకింద పరిచే మ్యాట్లు తీసేశాడు. స్టెప్నీ టైరు దింపి మేడమీద పెట్టాడు. జాకీని మంచం కిందికి తోశాడు. తల్లి చేత హ్యాండ్‌బ్యాగు ఇంట్లో పెట్టించేవాడు. బావమరిది కండలు తిరిగిన మనిషి కావడంతో, "నువ్వు బస్సులో వచ్చేయరా, నీ ఒక్కడికే అరలీటరు అవుతోంది" అని మొహం మీదే అనేశాడు. ఆ బావమరిదే ఆయనకి 'మైలేజీ బావ' అని పేరు పెట్టాడు. ఆ పేరు అత్తారింట్లో నిలిచిపోయింది. ఇన్ని చేసినా బండి వెనకభాగం నిండా ఉన్న టైల్స్ పెట్టెల జోలికి మాత్రం ఆయన పోలేదు, ఎందుకంటే అది కూడు పెట్టే బరువు.

ఆ రోజు తెల్లవారుజామున మెలకువ వచ్చేసరికి ఆయన బుర్రలో ఒక గొప్ప ఆలోచన మెరిసింది. సెలవు పెట్టిన రోజు కదా, ఇవాళ టైల్సుతో పనిలేదు. పెట్టెలన్నీ దింపేస్తే బండి తేలికవుతుంది, పాపం ఆవిడ సులువుగా నడుపుకుంటుంది. టెస్టు అయ్యేదాకా బండిలో ఏదీ ముట్టుకోవద్దని ఆవిడ ముందురోజే ఒట్టు వేయించుకుంది గానీ, మంచిపని చేసేటప్పుడు ఒట్టు ఏం అడ్డు? పిల్లిలా అడుగులు వేస్తూ ఒక్కొక్క పెట్టె మోసి, ఇంటి వెనక గోడవారన పేర్చి పైన పట్టా కప్పాడు. నలుగురైదుగురు మనుషుల బరువు. నడుము పట్టేసింది. ఆ నొప్పిలో కూడా ఆయనకి తన మీద తనకి ఎంతో ప్రేమ కలిగింది.

వంటింటి కిటికీలోంచి ఆయన తల్లి ఇదంతా చూసింది. ఇంకా పూర్తిగా వెలుగు రాకుండానే కొడుకు కంపెనీ సామానంతా దొంగచాటుగా దింపుతున్నాడంటే ఏమిటర్థం? ఉద్యోగం పోయిందన్నమాట. కంపెనీవాళ్ళు సామాను అప్పజెప్పమని ఉంటారు. పెద్దావిడ కొడుకుని అడిగితే బాధపడతాడని అడగలేదు. కోడలికి చెబితే టెస్టు పాడవుతుందని చెప్పలేదు. చెప్పకుండా ఎంతసేపు ఉండగలదన్నది తర్వాతి సంగతి.

కాఫీలయ్యాయి. డాక్టరమ్మ స్టీరింగు ముందు కూర్చుంది. పక్కన మొగుడు, వెనక అత్తగారు. కోడలికి తోడు వెళ్ళాలని ఆవిడ ఎప్పుడో అనుకుంది. ఇప్పుడు దిగమన్నా దిగేలా లేదు. డాక్టరమ్మ ఎప్పటిలాగే గేరు వేసి, ఎప్పటిలాగే బలంగా యాక్సిలరేటరు నొక్కింది. బండి తోక తొక్కినట్టు ఎగిరి గేటు దాటింది. ఉలిక్కిపడి ఎప్పటిలాగే గట్టిగా బ్రేకు తొక్కింది. బండి ఉన్నచోట మేకు కొట్టినట్టు ఆగింది. అత్తగారి తల ముందు సీటుకి తగిలింది. ఎదురింటాయన చేతిలోని పేపరు కిందపడింది.

"ఏమైందండీ దీనికి?" అంది డాక్టరమ్మ.

"ఏం కాలేదు. కంగారు పడకు. హాయిగా నడుపు" అన్నాడు మొగుడు. తేలికైన బండి ఎంత చక్కగా దూకిందో అని లోపల్లోపల మురిసిపోయాడు.

హాయిగా నడపడం ఎక్కడ? మొదటి మలుపు దగ్గర మళ్ళీ దూకింది. రెండో మలుపు దగ్గర మళ్ళీ నిలబడిపోయింది. వెనకొచ్చే ఆటో హారన్ మోగించి, పక్కనుంచి వెళుతూ ఏదో అంది. డాక్టరమ్మ స్టీరింగుని ఇంకా గట్టిగా పట్టుకుంది. ఇన్నాళ్ళూ చెప్పినట్టు విన్న బండి ఇవాళ ఎందుకు మొరాయిస్తోంది? బండిది కాదు, తప్పు తనదే. చేతకానితనమే మళ్ళీ బయటపడింది. ఆవిడకి ఏడుపు వచ్చేలా ఉంది.

సరిగ్గా అప్పుడే అత్తగారి ఓర్పు అయిపోయింది. ముందుకి వంగి కోడలి భుజం మీద చెయ్యి వేసింది. "అమ్మాయ్, గాభరా పడకుండా నడుపు తల్లీ. ఇక ఈ ఇంటికి నీ ఉద్యోగమే దిక్కు."

"అదేంటత్తయ్యా?"

"ఏం లేదులే. వాడు చెప్పేదాకా నేను చెప్పకూడదు."

డాక్టరమ్మ బండిని పక్కకి తీసి ఆపింది, ఈసారి కావాలనే. మొగుడి వైపు తిరిగింది. "నా దగ్గర ఏం దాస్తున్నారు?"

మొగుడు తెల్లబోయాడు. టైల్సు సంగతి అమ్మ చూసి చెప్పేసిందనుకున్నాడు. "అది కాదు... టెస్టయ్యాక నేనే చెబుదామనుకున్నా. నీ మంచికోసమే దాచాను" అన్నాడు.

"ఎప్పుడు జరిగింది?"

"ఇవాళ తెల్లారగట్ల."

"తెల్లారగట్లా? అంత పొద్దున్నే ఎవరు చేశారండీ?"

"ఎవరేమిటి? నేనే. నా అంతట నేనే చేశా. నడుము పోయిందనుకో, కానీ మనసుకి ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను."

తనంతట తాను ఉద్యోగం మానేసి సంతోషంగా ఉన్న మనిషిని చూసి డాక్టరమ్మ స్టీరింగు వదిలేసింది. వెనక సీట్లో అత్తగారు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. మొగుడికి ఇదేదో కాస్త ఎక్కువగా అనిపించింది. టైల్సు దింపితే ఏడవడం ఎందుకు? కానీ ఆడవాళ్ళ మనసు సున్నితం అని సరిపెట్టుకున్నాడు. డాక్టరమ్మ బండి దిగి, కాస్త దూరంగా వెళ్ళి, తమ్ముడికి ఫోను చేసింది.

"ఒరేయ్, బావ ఉద్యోగం వదిలేశార్రా. నాకేమో బండి నడపడం మర్చిపోయినట్టుంది. నేను టెస్టుకి వెళ్ళను."

"నువ్వు అక్కడే ఉండు, కదలకు" అన్నాడు తమ్ముడు. అతని జిమ్ము ఆ పక్క వీధిలోనే. చెమట తుడుచుకునే తువ్వాలుతోనే పరిగెత్తుకొచ్చాడు. వస్తూనే మైలేజీ బావని గట్టిగా కౌగిలించుకున్నాడు. అసలే పట్టేసిన నడుము, ఆయన కెవ్వుమన్నాడు.

"ఊరుకో బావా. బాధంతా లోపల పెట్టుకోకు. మా జిమ్ములో రిసెప్షన్ ఖాళీగా ఉంది. రేపట్నుంచి వచ్చి కూర్చో."

"నేనెందుకు కూర్చోవాలిరా?"

"మరి ఇంట్లో ఖాళీగా ఏం చేస్తావ్?"

"ఇంట్లో ఎందుకుంటాను? రేపు నాకు డ్యూటీ ఉంది!"

నలుగురూ ఒకేసారి మాట్లాడారు. అందులోంచి ఎవరేమన్నారో వేరు చేయడం కష్టం గానీ, "పెట్టెలు దింపుతుంటే నా కళ్ళతో చూశాను" అన్న పెద్దావిడ మాట మాత్రం అందరికీ వినపడింది. తమ్ముడు గబగబా వెళ్ళి బండి వెనక తలుపు తెరిచాడు. లోపల ఊడ్చినట్టు ఖాళీ.

"బావా, టైల్సేవి?"

"ఇంటి వెనక ఉన్నాయి. బండి తేలికైతే మీ అక్కకి సులువు కదా అని..."

డాక్టరమ్మ ఆ ఖాళీ వంక చూసింది. ఉద్యోగం పోలేదన్న సంతోషం రావలసిన చోటికి కోపం వచ్చి కూర్చుంది.

"నేను ఆ బరువుతోనే నేర్చుకున్నానండీ! ఒక్కరోజైనా ఖాళీ బండి నడిపానా? ఎంత నొక్కితే కదులుతుందో, ఎంత తొక్కితే ఆగుతుందో అన్నీ ఆ పెట్టెల లెక్కనే కదా నా కాలికి అలవాటైంది! ముట్టుకోవద్దని ఒట్టు కూడా వేయించుకున్నాను కదా!"

"మైలేజీ కూడా..." అని మొదలుపెట్టి, ఆవిడ చూపు చూసి ఆ వాక్యాన్ని మింగేశాడు.

ఇంటికి వెళ్ళి టైల్సు ఎక్కించుకొచ్చే వ్యవధి లేదు. జిమ్ము మాత్రం పక్కనే ఉంది. "బరువేగా కావాలి? బరువులకి మా దగ్గర కరువా?" అన్నాడు తమ్ముడు. ఇనప చక్రాలు, డంబెల్సు, కడ్డీలు మోసుకొచ్చి బండిలో పడేశారు. కాస్త దూరం వెళ్ళి బ్రేకు వేస్తే అవన్నీ ఒకదానిమీద ఒకటి దొర్లి, పాత్రల కొట్టు కూలినంత చప్పుడు చేశాయి. అత్తగారు రెండు చెవులూ మూసుకుంది. చక్రాలన్నిటినీ వ్యాయామం చాపల్లో చుట్టి తాళ్ళతో బిగించారు. తమ్ముడు కూడా వెనక ఎక్కాడు. మైలేజీ బావ అతన్ని చూసి అలవాటుకొద్దీ నోరు తెరిచాడు గానీ, ఇవాళ బావమరిది ఎంత బరువుంటే అంత మంచిదని గుర్తొచ్చి మూసుకున్నాడు. బండి మళ్ళీ పాత బండి అయింది. డాక్టరమ్మ ఊపిరి పీల్చుకుంది. మైదానం దాకా మలుపులన్నీ వెన్నలా తిరిగింది.

మైదానం గేటు దగ్గర కాపలా మనిషి వెనక అద్దంలోంచి లోపలికి తొంగిచూశాడు. చాపలో చుట్టి తాళ్ళతో కట్టిన పొడవాటి మూట, దానికి అటు చివర రెండు డంబెల్సు పాదాల్లా పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. అతని మొహంలో రంగు మారింది. విజిలు ఊదాడు. టెస్టు తీసుకునే ఇన్స్పెక్టరు చేతిలో అట్ట పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. వరుసలో నిలబడ్డవాళ్ళంతా వరుస వదిలేసి బండి చుట్టూ మూగారు.

"లోపల పడుకున్నదెవరు?" అన్నాడు ఇన్స్పెక్టరు.

"ఎవరూ కాదు సార్, బరువులు" అన్నాడు తమ్ముడు.

"బరువులెందుకు?"

"అవి లేకపోతే మా అక్కకి బ్రేకు పడదు సార్."

చాప విప్పించారు. ఇనప చక్రాలు చూసి కాపలా మనిషి తేలిగ్గా నవ్వాడు, మూగినవాళ్ళు నిరాశగా వెళ్ళిపోయారు. ఇన్స్పెక్టరు మాత్రం నవ్వలేదు. "ఏమ్మా, లైసెన్సు వచ్చాక కూడా ఈ ఇనపసామానంతా వెంటేసుకునే తిరుగుతారా? టెస్టు బండిలో ఇవి కుదరవు. మొత్తం దింపించండి. మీ పేరు పిలిచేసరికి బండిలో మీరూ నేనే ఉండాలి. కాదంటే వచ్చే నెల రండి."

వచ్చే నెల. అప్పటికి ఆ పని డాక్టరమ్మ చేయి దాటిపోతుంది. తమ్ముడూ మొగుడూ సామాను దింపుతున్నారు. ఒక్కొక్క చక్రం నేలమీద పడినప్పుడల్లా ఆవిడ గుండె కూడా అంత కిందికి జారింది. అత్తగారు ధైర్యం చెప్పబోయి, ఏం చెబితే ఏమవుతుందోనని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మైలేజీ బావ కాలుగాలిన పిల్లిలా బండి చుట్టూ తిరుగుతూ, "నెమ్మదిగా... మరీ నెమ్మదిగా కాదు... కాస్త నెమ్మదిగా" అంటూ ఎవరికీ పనికిరాని సలహాలు చెప్పసాగాడు. నిజానికి ఆయనకి భయం వేసింది. టైల్సు మోసినప్పుడు తన మీద తనకి కలిగిన ప్రేమంతా ఇప్పుడు ఎటు పోయిందో తెలియలేదు.

పేరు పిలిచారు. స్టీరింగు పట్టుకుని కూర్చుంది. ఖాళీ బండి. ఈ కాలు ఇంకా ఆ బరువునే గుర్తుపెట్టుకుంది, అదే చిక్కు. అలా అనుకోగానే ఆవిడకి తన గది గుర్తొచ్చింది. నెలల తరబడి సిమెంటు కట్టుతో ఉన్న కాలికి కట్టు విప్పిన రోజున రోగులంతా చేసే తప్పు ఒక్కటే. బరువుకి అలవాటుపడిన కాలిని అదే బలంతో ఎత్తుతారు, అది గాల్లోకి లేస్తుంది, మనిషి తూలిపడతాడు. వాళ్ళని పట్టుకుని ఆవిడ రోజూ చెప్పే మాట ఉంది: 'బరువు పోయింది కదా, సగం బలం చాలు. పాదాన్ని నేలకి తాకనివ్వండి, అది చెప్పేది వినండి.'

"సార్, ఒక్క నిమిషం" అంది. బండి కదిలించకుండానే క్లచ్చునీ, బ్రేకునీ, యాక్సిలరేటరునీ ఒక్కొక్కదాన్నీ మెల్లగా తాకి చూసింది, కొత్త రోగి మోకాలిని పట్టి చూసినట్టు. తర్వాత సగం బలంతో నొక్కింది. బండి దూకలేదు. కదిలింది.

మైదానమంతా తిరిగింది. ఎత్తు మీద ఆపి మళ్ళీ కదిలించమంటే, ఇదివరకు వెనక్కి జారే బండి ఇప్పుడు బుద్ధిగా ముందుకే వెళ్ళింది. వెనక్కి నడిపి గళ్ళలో పెట్టింది. ఆఖర్న గీత. పోయినసారి తప్పిన గీత. ఆవిడ ఊపిరి బిగపట్టలేదు. పాదం చెప్పేది విన్నది. బండి గీతకి ఇవతలే ఆగింది.

"పోయిన నెల ఈ గీత దాటింది మీరే కదూ?" అన్నాడు ఇన్స్పెక్టరు, కాగితం మీద సంతకం పెడుతూ. "అప్పుడూ ఇదే బండా?"

"ఇదేనండి. అప్పుడు నిండా టైల్సు ఉన్నాయి, మీరు వెనక చూడలేదు."

"అంత లోడుతో టెస్టుకొస్తే గీత దగ్గర ఎలా ఆగుతుందమ్మా? ఆ టైల్సు పెట్టిన మహానుభావుడెవరో గానీ, ఆయన వల్లే పోయింది మీకు."

మహానుభావుడు అక్కడే ఉన్నాడు. పోయిన నెల పాపమంతా తనదేనని ఆయనకి అర్థమైంది. అదే సమయంలో ఇవాళ టైల్సు దింపిన పుణ్యం కూడా తనదేనని తట్టింది. రెండింట్లో ఏది ఉంచుకోవాలో తేల్చుకోవడానికి ఆయనకి ఎంతోసేపు పట్టలేదు.

"చూశావా! నేను దింపబట్టే కదా పాసయ్యావు!" అన్నాడు.

డాక్టరమ్మకి ఇప్పుడు ఎవరి మీదా కోపం లేదు. లైసెన్సు చేతికొచ్చింది, నవ్వు ఆగడం లేదు. అత్తగారు ఆవిడ బుగ్గలు పుణికింది. అందరూ కలిసి ఇనపసామాను మళ్ళీ ఎక్కించారు. ముందు జిమ్ములో అది దింపేసి, అక్కణ్ణుంచి ఆసుపత్రికి వెళ్ళాలని అనుకున్నారు. మైలేజీ బావ ఉత్సాహం పట్టలేక స్టీరింగు ముందు కూర్చున్నాడు. "నడపడం వచ్చేసింది సరే, మైలేజీ తీయడం ఎలాగో ఇప్పుడు చూడు. ఎక్కడా కుదుపు ఉండకూడదు. ఇంజనుకి మనం కూర్చున్నట్టే తెలియకూడదు" అంటూ పాఠం మొదలుపెట్టాడు.

పాఠం మంచి పట్టులో ఉండగా బండి రెండుసార్లు దగ్గి, రోడ్డు మధ్యలో మెల్లగా నిలబడిపోయింది. ఇంజను నిజంగానే ఎవరూ కూర్చున్నట్టు తెలియనంత నిశ్శబ్దమైపోయింది.

"ఏమైంది బావా?"

మైలేజీ బావ ముల్లు వైపు చూశాడు. "పెట్రోలు అయిపోయినట్టుంది."

"పోయించలేదా?" అంది డాక్టరమ్మ.

"ట్యాంకు నిండా పోస్తే ఆ పెట్రోలే పెద్ద బరువు కదా! ఆ బరువు మోయడానికి మళ్ళీ పెట్రోలు కావాలి కదా! అందుకని ఎప్పటికప్పుడు సరిపోయేంత... ఇవాళ మైదానంలో తిరగడం, ఈ ఇనుము, వీడు..." అని బావమరిది వైపు వేలు చూపించి, అతని కండలు చూసి వేలు దించేశాడు.

పెట్రోలు బంకు దూరంగా మలుపు దగ్గర కనిపిస్తోంది. ఇనపసామాను రోడ్డు మీద దింపితే ఎవరో ఒకరు పట్టుకుపోతారు. పెద్దావిడ దిగే ప్రసక్తే లేదంది. "నా బ్యాగు కూడా ఇంట్లోనే పెట్టించావు కదరా, ఇంకా ఏం దింపుతావు?" అని కిటికీ అద్దం పైకి లేపేసుకుంది. డాక్టరమ్మ మొగుడి వైపు తలుపు తీసి నిలబడింది.

"మీరు దిగండి. ఆసుపత్రికి వెళ్ళాల్సింది నేను, నడపాల్సిందీ నేనే."

ఆయన దిగాడు. బావమరిది పక్కన, పట్టేసిన నడుముతో, బండి వెనక రెండు చేతులూ ఆనించాడు. ఇన్నాళ్ళూ చదివిన బరువు సంగతి మొదటిసారి ఆయన భుజాలకి అర్థమైంది. ఎదురొచ్చేవాళ్ళు ఆగి చూస్తున్నారు. డాక్టరమ్మ అద్దంలోంచి ఆయన ఎర్రబడ్డ మొహాన్ని చూసింది. జాలీ నవ్వూ కలిసి వచ్చాయి. "మొదటి అడుగు చిన్నదిగా వేయండి! సగం బలం చాలు!" అని కేకేసింది. స్టీరింగు మలుపు తిప్పి, బంకులో పంపు ముందు, అంగుళం అటూ ఇటూ కాకుండా బండి ఆపింది. సాయంత్రం కావడానికి ఇంకా చాలా వ్యవధి ఉండగానే ఆసుపత్రి చేరింది, మర్నాటి నుంచి రోగుల ఇళ్ళకి వెళ్ళే పని ఆవిడదైంది.

ఆగిపోయిన చోటి నుంచి బంకు దాకా ఆ చివరి దూరమంతా బండి చుక్క పెట్రోలు తాగలేదు గనక, మైలేజీ బావ జీవితంలో అంత మంచి మైలేజీ మళ్ళీ ఎప్పుడూ రాలేదు.